మీటరు మీది ఎర్ర చుక్క చెప్పే లెక్క

తెలంగాణలో ఒక ఇంటి కరెంటు వాడకం ఒక నెలలో సరిగ్గా 200 యూనిట్లయితే, 2022లో అమలులోకి వచ్చిన ధరల ప్రకారం మొదటి వంద యూనిట్లకు 3.40 రూపాయల చొప్పున, తరువాతి వందకు 4.80 రూపాయల చొప్పున మొత్తం 820 రూపాయలు అవుతుంది. అదే ఇల్లు ఒక్క యూనిట్ ఎక్కువ వాడి 201 దగ్గర ఆగితే వేరే తరగతిలోకి వెళ్లిపోతుంది. అప్పుడు మొదటి 200 యూనిట్లను కూడా 5.10 రూపాయల చొప్పున లెక్కగట్టి, చివరి యూనిట్‌కు 7.70 కలిపి, 1,027 రూపాయల 70 పైసలు వేస్తారు. స్థిర చార్జీలు, వినియోగదారు చార్జీలు, విద్యుత్ సుంకం వీటికి అదనం. అంటే ఆ 201వ యూనిట్ ఒక్కదాని ఖరీదు 207 రూపాయల 70 పైసలు. వంద యూనిట్ల గీత దగ్గర కూడా ఇలాంటిదే, కాస్త చిన్నది, ఒక గెంతు ఉంది: 100 యూనిట్లకు 252.50, 101కి 344.80. ఇక 2024 మార్చి నుంచి రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు ఉచితంగా పొందుతున్న కుటుంబాలకు ఈ గీత మరీ ముఖ్యం, ఎందుకంటే దాన్ని దాటిన నెలలో బిల్లు మొత్తం వారే కట్టుకోవాలి.

విజయవాడలో ఉండే మా చెల్లెలి ఇంటి లెక్క ఇలా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో అదే 2022 నుంచి మొదటి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75, ఆపైన 9.75 అన్న మెట్ల పద్ధతి నడుస్తోంది. పై మెట్టు ఎక్కినా కింది మెట్ల మీది యూనిట్ల ధర మారదు. అక్కడ గెంతు లేదు గాని, రెండు చోట్లా ఒక సంగతి మాత్రం సమానమే. ఆదా చేసిన యూనిట్ ఎప్పుడూ బిల్లులోని అత్యంత ఖరీదైన కొస నుంచే తగ్గుతుంది. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి "యూనిట్ సగటున అయిదు రూపాయలే కదా" అనుకునేవారు తమకు కలిగే లాభాన్ని తక్కువగా అంచనా వేసుకుంటున్నారు.

మేము హైదరాబాద్‌లో, పై అంతస్తులో, అయిదుగురం ఉండే ఇంట్లో ఉంటాము. నెత్తి మీద నేరుగా స్లాబే. ఎండాకాలంలో 200 గీత చాలా దూరంలో వెనక ఉండిపోయేది. చలికాలంలో కూడా ఒక్కోసారి దాటిపోయేది. కరెంటు ఎక్కడికి పోతోందో తెలియకుండా పొదుపు చేయడం అంటే ఆచరణలో ఇంట్లో ఒకరినొకరు విసుక్కోవడమే అవుతుంది. మా అత్తగారు లైట్లు ఆర్పమంటారు, మా వారు ఏసీ వైపు చూపిస్తారు, పిల్లలు వాషింగ్ మెషీన్ అంటారు. ముగ్గురిలో ఎవరి మాట నిజమో చెప్పగల పరికరం ఇంటి గోడకే, విద్యుత్ సంస్థ వారు బిగించి పెట్టినదే ఉంది.

ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్ల ముఖం మీద ఒక చిన్న ఎర్ర దీపం మెరుస్తూ ఉంటుంది. దాని పక్కనే ఒక యూనిట్‌కు ఎన్ని మెరుపులో అచ్చువేసి ఉంటుంది. మా మీటరు మీద 3200 అని ఉంది. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ల పరికరం ఒక గంట నడవడం. గంటకు 3600 సెకన్లు కాబట్టి, 36 లక్షలను 3200తో భాగిస్తే 1125 వస్తుంది. ఆ 1125ను రెండు మెరుపుల మధ్య గడిచిన సెకన్లతో భాగిస్తే, ఆ క్షణంలో ఇల్లు ఎన్ని వాట్లు తీసుకుంటోందో తెలిసిపోతుంది. మీటరు మీద 1600 అని ఉన్నవారు 1125 బదులు 2250 తీసుకోవాలి. పది మెరుపుల కాలాన్ని ఫోనులోని స్టాప్‌వాచ్‌తో కొలిచి పదితో భాగిస్తే లెక్క ఇంకా కచ్చితంగా వస్తుంది. మిగతావన్నీ ఆపి ఒక్క ఫ్యాను మాత్రమే వేస్తే మా మీటరు పదిహేను సెకన్లకొకసారి మెరిసింది, అంటే 75 వాట్లు. గీజరు వేస్తే లెక్కపెట్టడానికి కన్ను చాలదు. సెకనుకు దాదాపు రెండుసార్లు మెరుస్తుంది.

ఈ పద్ధతిలో మొదట చూడవలసింది ఏదో ఒక పరికరాన్ని కాదు, ఏమీ నడవని ఇంటిని. ఫ్యాన్లు, లైట్లు ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీశాక మీటరు మెరవకూడదు. మా ఇంట్లో అది ఇరవై అయిదు సెకన్లకొకసారి తాపీగా మెరుస్తూనే ఉంది. 45 వాట్లంటే చూడటానికి తక్కువే; కాని ఇరవై నాలుగు గంటలూ నెల పొడవునా నడిస్తే అది 32 యూనిట్లు, అంటే 200లో ఆరో వంతు. ఒక్కొక్క ప్లగ్గే తీస్తూ పోతే దొంగలు బయటపడ్డారు. టీవీని రిమోట్‌తో ఆపినా సెట్‌టాప్ బాక్సు రాత్రంతా వెచ్చగానే ఉంటుంది. దాని వాటా పది వాట్లు దాటింది. వైఫై రౌటరు మరికొంత. అన్నింటికన్నా ఎక్కువ తీసుకున్నది ఇన్వర్టరు. బ్యాటరీ ముసలిదైపోయి, నిండినట్టు చూపిస్తూనే ఛార్జింగ్ తీసుకుంటూ, చెయ్యి పెడితే వేడిగా తగులుతోంది. సెట్‌టాప్ బాక్సుకు గోడ స్విచ్చు ఆపడం రాత్రి పనుల్లో ఒకటయింది; మన దేశంలో ప్రతి ప్లగ్గు పాయింటుకూ ఒక స్విచ్చు ఉండటం ఎంత సౌకర్యమో ఇలాంటప్పుడే తెలుస్తుంది. బ్యాటరీ మార్చాము. స్విచ్చు బోర్డు మీద వెలిగే చిన్న ఎర్ర ఇండికేటర్ల గురించి బెంగపడేవారున్నారు గాని, వాటి వాడకం లెక్కలోకి రాదు.

అన్నీ నిజంగా ఆపేశాక కూడా మీటరు మెరుస్తుంటే అది వైరింగులో లీకేజీ అయినా కావచ్చు, ఎవరిదో మోటారు మీ మీటరుకు కలిసి ఉండటమైనా కావచ్చు. దానికి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. సొంతంగా బోర్డు విప్పకండి.

లైట్ల సంగతి త్వరగా ముగించవచ్చు, ఎందుకంటే ఆ యుద్ధం ఇంచుమించు ముగిసిపోయింది. ఒకప్పుడు 60 వాట్ల బల్బు ఇచ్చిన వెలుగును ఇప్పుడు 9 వాట్ల ఎల్ఈడీ ఇస్తోంది. 2015 జనవరిలో మొదలైన, ఎల్ఈడీ బల్బులను చవకగా అందించిన కేంద్ర ప్రభుత్వ ఉజాలా పథకం వల్ల దేశమంతటా కోట్ల ఇళ్లలో ఈ మార్పు జరిగిపోయింది. ఖాళీ గదిలో రాత్రి నాలుగు గంటలు ఒక ఎల్ఈడీ వెలుగుతూ ఉండిపోతే నెలకు ఒక యూనిట్‌కు కాస్త ఎక్కువ. ఆర్పడం మంచి అలవాటే, కాని ఇంటి కోపమంతా దాని మీద ఖర్చు చేయడం దండగ. మా అత్తగారి చిన్నతనంలో ఇంట్లో కరెంటు అంటే బల్బే కాబట్టి, ఆవిడ జాగ్రత్త ఆ కాలానికి సరిగ్గా సరిపోయేది. ఇప్పుడు అదే జాగ్రత్త ఫ్యాను వైపు తిరగాలి.

ఫ్యాను గురించి ఎవరూ అనుమానపడరు. ఫిబ్రవరి చివర నుంచి అక్టోబరు దాకా మన ఇళ్లలో అది ఆగదు. మనుషులు లేచి వెళ్లినా తిరుగుతూనే ఉంటుంది. మామూలు సీలింగ్ ఫ్యాను పూర్తి వేగంతో 70 నుంచి 80 వాట్లు తీసుకుంటుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు పద్నాలుగు గంటలు తిరిగితే రోజుకు 4.2 యూనిట్లు, నెలకు 126. ఇంట్లో ఇంకేమీ లేకపోయినా వంద యూనిట్ల గీత ఫ్యాన్లతోనే దాటిపోతుందన్నమాట. బ్రష్ లేని మోటారుతో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్లు అదే గాలిని 30 వాట్ల చుట్టుపక్కల ఇస్తాయి. మామూలు ఫ్యానులో తిరిగే భాగంలోకి కూడా విద్యుత్తును పుట్టించి అయస్కాంతంగా చేయాలి కాబట్టి అందులో కొంత వేడిగా పోతుంది. బీఎల్‌డీసీలో శాశ్వత అయస్కాంతాలే తిరుగుతాయి, ఆ నష్టం ఉండదు. పైన చెప్పిన నాలుగు ఫ్యాన్లూ ఇవే అయితే నెలకు 50 యూనిట్లతో సరిపోతుంది.

ఇక్కడ రెండు మాటలు నిక్కచ్చిగా చెప్పుకోవాలి. ఒకటి, ఈ తేడా పూర్తి వేగానికి సంబంధించినది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరుతో మూడో నంబరు మీద తిరిగే మామూలు ఫ్యాను వాడకం ఎలాగూ తగ్గుతుంది, అప్పుడు తేడా కూడా తగ్గుతుంది. పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటర్లు అలా కాదు. అవి వేగం తగ్గించినప్పుడు మిగిలిన కరెంటులో కొంత భాగాన్ని తమలోనే వేడిగా కాల్చేస్తాయి. అలాంటివి ఇంకా ఉన్న ఇంట్లో ముందు వాటిని మార్చడమే చవకైన పని. రెండోది ఖర్చు. మూడు వేల రూపాయల ఫ్యాను నెలకు 19 యూనిట్లు మిగిలిస్తే, యూనిట్ 4.80 చొప్పున తొంభై రూపాయల లాభం. పెట్టిన డబ్బు మూడేళ్లకు కాస్త ముందుగా తిరిగి వస్తుంది, 200 గీత దాటి 7.70 కట్టేవారికి ఇంకా ముందే వస్తుంది. రోజుకు గంట కూడా తిరగని ముందు గది ఫ్యానుకు ఈ లెక్క ఎన్నటికీ కుదరదు. అందుకే మేము పడక గదుల్లో, హాల్లో మాత్రమే మార్చాము. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు, కరెంటు పొదుపును నక్షత్రాలతో చూపే స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది కాబట్టి, దుకాణంలో అట్టపెట్టె మీద ఉన్న నక్షత్రాలతో పాటు వాట్ల సంఖ్య కూడా చదివి తీసుకోవచ్చు.

బీఎల్‌డీసీ ఫ్యాను బిగించేటప్పుడు గోడ మీది పాత రెగ్యులేటరును తప్పించి నేరుగా కలపాలి. మా ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్ దాన్ని అలాగే ఉంచేసి వెళ్లారు. ఫ్యాను ఊగుతున్నట్టు వేగం మారుతూ, సన్నగా మోగుతూ ఉండేది. రెగ్యులేటరు తీసేయగానే సర్దుకుంది. రిమోట్ ఒకటే దీని బాధ. మంచం మీద నుంచి లేవకుండా వేగం మార్చుకోవడం బాగానే ఉంటుంది గాని, అది దిండు కిందికో, సోఫా సందులోకో చేరితే పెద్దవాళ్లు ఇబ్బంది పడతారు. అత్తగారి గదిలో గోడకు చిన్న గూడు బిగించి రిమోట్‌ను దారంతో కట్టాము. మరో లాభం కూడా ఉంది: వోల్టేజీ పడిపోయినా ఈ ఫ్యాన్ల వేగం తగ్గదు, ఇన్వర్టరు మీద కూడా ఎక్కువ సేపు తిరుగుతాయి.

చలికాలంలో ఫ్యాన్లు ఆగిపోయినా బిల్లు అనుకున్నంత దిగకపోవడానికి కారణం గీజరు. నీటిని వేడి చేయడానికి ఎంత శక్తి కావాలో ప్రకృతి నిర్ణయించేసింది. ఏ కంపెనీ గీజరు అయినా ఇరవై లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే అర యూనిట్‌కు కాస్త అటూ ఇటూగా పడుతుంది. నలుగురు బకెట్ స్నానం చేస్తే రోజుకు రెండు యూనిట్లు, నెలకు అరవై. పది నిమిషాలు షవరు కింద నిలబడేవారికి ఈ లెక్క రెండింతలో, అంతకన్నా ఎక్కువో అవుతుంది. కాబట్టి తగ్గించగలిగేవి మూడే: ఎన్ని నీళ్లు, అవి ఎంత చల్లగా మొదలవుతాయి, వేడెక్కాక ఎంతసేపు వృథాగా నిలవ ఉంటాయి.

రెండోదాని గురించి పల్లెల్లో అందరికీ తెలిసినది పట్టణంలో మరిచిపోయాము. చలికాలం తెల్లవారుజామున బోరు నుంచి అప్పుడే వచ్చిన నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. అవే నీళ్లు రాత్రంతా డాబా మీద ట్యాంకులో ఉంటే మంచులా అయిపోతాయి. మేము సాయంత్రం మోటారు వేసి ట్యాంకు నింపే అలవాటు మార్చి, చలి రెండు నెలలూ ఉదయం స్నానాలకు ముందు వేయడం మొదలుపెట్టాము. మోటారుకు అయ్యే కరెంటు ఎప్పుడు వేసినా ఒకటే, గీజరుకు పని మాత్రం తగ్గుతుంది. గీజరు థర్మోస్టాట్‌ను 50 డిగ్రీలకు తగ్గించి, స్నానానికి పావుగంట ముందు వేసి, అందరూ వరసగా స్నానం చేసి ఆపేయడం మూడో దానికి జవాబు. పొద్దున ఆరింటికి వేసి పదింటిదాకా వదిలేస్తే, నీళ్లు వాడకపోయినా చల్లారిన ప్రతిసారీ అది మళ్లీ కాచుకుంటూ ఉంటుంది.

హైదరాబాద్ బోరు నీళ్ల కాఠిన్యం సంగతి తెలిసిందే. హీటింగ్ ఎలిమెంటు మీద తెల్లని గట్టి పొర పేరుకుంటే వేడి నీళ్లలోకి ఆలస్యంగా వెళుతుంది, ఎలిమెంటు త్వరగా కాలిపోతుంది. ఏడాదికొకసారి విప్పించి శుభ్రం చేయించడం మంచిది. బకెట్‌లో వేసే రాడ్ల గురించి అడుగుతుంటారు. లెక్క ప్రకారం అవి వృథా చేసేది తక్కువే, ఎందుకంటే వేడంతా నీళ్లలోకే పోతుంది. కాని స్విచ్చు ఆపకుండా నీళ్లు ముట్టుకున్నవారికి ప్రాణాపాయం. పిల్లలున్న ఇంట్లో దాన్ని నేను ఉంచను.

ఇక ఎండాకాలం. పై అంతస్తులో ఉండేవారికి ఏసీ కన్నా ముందు మాట్లాడుకోవలసింది స్లాబు గురించి. పగలంతా ఎండను తాగిన కాంక్రీటు సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. బయట గాలి చల్లబడ్డాక కూడా మంచం మీద పడుకుంటే పైనుంచి సెగ తగులుతుంది. ఏసీ ఆ గంటల్లో చల్లబరిచేది గదిని కాదు, స్లాబును. డాబాకు తెలుపు వేస్తే ఎండలో ఎక్కువ భాగం వెనక్కి తిరిగిపోతుంది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో కొన్ని పేదల ఇళ్ల పైకప్పుల మీద తెల్లని పొర పరిచి చూసినప్పుడు లోపలి గాలి సగటున 2 డిగ్రీల మేర తగ్గింది. ఆ తరువాత 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 2028 వరకు వర్తించే చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. 600 చదరపు గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఐచ్ఛికం.

చిన్న ఇళ్లవారు తమంతట తాము చేసుకోవడానికి రెండు దారులున్నాయి. సున్నం తెచ్చి, జిగురు కలిపి, రెండు పూతలు వేయడం చవకైనది. మార్చిలో వేస్తే ఆ ఎండాకాలానికి సరిపోతుంది, వర్షాలకు చాలా వరకు కొట్టుకుపోతుంది, మళ్లీ ఏడాది వేసుకోవాలి. డబ్బాల్లో అమ్మే పరావర్తక పూతలు కొన్నేళ్లు ఉంటాయి గాని ఖరీదెక్కువ. పైగా మన ఊళ్లలో దుమ్ము పేరుకుని తెలుపు బూడిద రంగులోకి మారితే దాని పని సగం పోతుంది, నెలకొకసారి కడగాలి. మేము సున్నంతోనే సరిపెట్టుకున్నాము. మే నెలలో మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా డాబా మీద నిలబడగలగడం దాని ఫలితానికి సాక్ష్యం. రాత్రి ఏసీ వేసే సమయం దాదాపు గంట వెనక్కి జరిగింది. పడమటి కిటికీకి లోపల మందపాటి పరదా కట్టడం కన్నా బయట చాప వేలాడదీయడం మేలు, ఎందుకంటే అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండను పరదా బయటికి పంపలేదు. వెనుకటి ఇళ్లలో వట్టివేళ్ల తడకలు బయటి వైపే కట్టి నీళ్లు చల్లేవారు, అందులో ఉన్న తెలివి అదే.

కూలరు గురించి నాకు ఒక పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నాను. 150 నుంచి 200 వాట్లతో నడిచే ఆ డబ్బా ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణలో, రాయలసీమలో ఏసీకి చాలా వరకు బదులు పనిచేస్తుంది. గాలి పొడిగా ఉన్నప్పుడే నీరు త్వరగా ఆవిరై చల్లదనం ఇస్తుంది కాబట్టి, విశాఖపట్నంలోనో, మచిలీపట్నంలోనో అది చెమట పెంచడమే తప్ప మరేమీ చేయదు. హైదరాబాద్‌లో కూడా జూన్‌లో తొలకరి పడ్డాక దాన్ని అటకెక్కించాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు కూలరు వేసి తలుపులు మూసుకోవడం. గదిలో తేమ నిండిపోయి అరగంటలో ఉక్కపోత మొదలవుతుంది. కూలరు ఒక కిటికీలో ఉంటే ఎదుటి వైపు మరో కిటికీ తెరిచి ఉండాలి.

ఏసీ విషయంలో రెండే సంగతులు పట్టించుకుంటే చాలు. మొదటిది ఉష్ణోగ్రత. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు మిగులుతుందని, స్టార్ లేబుళ్లను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా తయారుచేయాలన్న నిబంధన కూడా ఉంది. మేము 27 పెట్టి ఫ్యాను నెమ్మదిగా వేస్తాము. చర్మానికి గాలి తగులుతుంటే 27 కూడా 24 లాగే ఉంటుంది. 18 పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది పిల్లల నమ్మకం. మామూలు ఏసీ ఎప్పుడూ ఒకే బలంతో చల్లబరుస్తుంది, 18 పెడితే ఆగవలసిన చోట ఆగదు, అంతే.

రెండోది కొనేటప్పటి లెక్క. లేబుల్ మీద ఉండే వార్షిక యూనిట్ల సంఖ్య ఏడాదికి 1600 గంటల వాడకానికి వేసినది. టన్నున్నర ఏసీల్లో 3 స్టార్‌కు, 5 స్టార్‌కు మధ్య తేడా ఆ లెక్కన రెండు వందల యూనిట్లకు అటూ ఇటూగా ఉంటుంది. మాలాగా రెండు నెలలు, అదీ రాత్రి ఎనిమిది గంటలు వాడేవారు 500 గంటలైనా దాటరు. అంటే వారికి తేడా అరవై డెబ్బై యూనిట్లే. యూనిట్‌కు తొమ్మిది రూపాయలు వేసుకున్నా ఏడాదికి ఆరు వందలు. 5 స్టార్ కోసం అదనంగా పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏసీ జీవితకాలమంతా పట్టవచ్చు. పగలూ రాత్రీ ఏసీ నడిచే ఇంటికి, ఇంటి నుంచే ఉద్యోగం చేసేవారికి 5 స్టార్ కళ్లు మూసుకుని కొనదగినదే. నక్షత్రాలు ఎన్ని ఉంటే అంత మంచిదన్న సలహా ఎవరు ఇచ్చినా, ముందు మీ గంటలు లెక్కపెట్టుకోండి.

ఫ్రిజ్ ఏడాది పొడవునా ఆగకుండా ఉండే ఒకే ఒక్క పెద్ద పరికరం. దాన్ని మీటరు మెరుపులతో కొలవడం కుదరదు, కంప్రెసరు ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి. ఊరికి వెళ్లేటప్పుడు ఫ్రిజ్ తప్ప అన్నీ ఆపి, మీటరు రీడింగు ఫోటో తీసుకుని వెళ్లి, వచ్చాక చూస్తే రోజుకు ఎంతో తెలుస్తుంది. తలుపు రబ్బరులో కాగితం పెట్టి మూసి లాగితే సులువుగా జారి వచ్చేస్తే ఆ రబ్బరు మార్చాలి. వెనక గోడకు జానెడు ఖాళీ వదలాలి. వేడి పప్పు గిన్నె చల్లారాకే లోపల పెట్టాలి. ఇవన్నీ అందరికీ తెలిసినవే. అంతగా ఎవరూ అనుకోనిది మరొకటి ఉంది: కొత్త ఫ్రిజ్ కొన్నాక పాతది అమ్మితే రెండు వేలు కూడా రావని బాల్కనీలో పెట్టి నీళ్ల సీసాలకు వాడుకోవడం. ఎండ తగిలే బాల్కనీలో పదిహేనేళ్ల ఫ్రిజ్ రోజుకు యూనిట్ పైనే తింటుంది. మంచినీళ్లకు కుండ చాలు. అది కూడా కూలరు సూత్రం మీదే పనిచేస్తుంది.

మిక్సీ, గ్రైండరు, ఇస్త్రీ పెట్టె గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. 750 వాట్ల మిక్సీ ఎంత హోరు పెట్టినా అయిదు నిమిషాలే నడుస్తుంది. చప్పుడుకూ వాడకానికీ సంబంధం లేదు. వాషింగ్ మెషీన్ కూడా చల్లని నీటితో ఉతికితే తక్కువే తీసుకుంటుంది. వేడి నీటి మీట నొక్కితే అది మరో గీజరు అవుతుంది. ఇక ప్లగ్గులో పెడితే బిల్లు ముప్పై శాతం తగ్గిస్తుందంటూ ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న డబ్బాలు కొనకండి. వాటిలో ఉండేది ఒక కెపాసిటరు. అది పవర్ ఫ్యాక్టరును, అంటే వచ్చే కరెంటులో నిజంగా పనిచేసే వాటాను, సరిచేస్తుందే అనుకున్నా, ఇళ్ల మీటర్లు లెక్కపెట్టేది నిజంగా ఖర్చయిన యూనిట్లనే కాబట్టి బిల్లులో పైసా తగ్గదు.

వంట గ్యాసుకు మీటరు లేదు, సిలిండరు ఎన్నాళ్లు వచ్చిందన్నదే కొలత. శనగలు, రాజ్మా రాత్రి నానబెట్టడం, కుక్కరు వాడటం, ఎసరు మరిగాక మంట తగ్గించి మూత పెట్టడం: ఈ మూడే నిజంగా తేడా తెచ్చేవి. నీళ్లు మరిగేది వంద డిగ్రీల దగ్గరే. మంట ఎంత పెంచినా అన్నం అంతకన్నా త్వరగా ఉడకదు.

ఇవన్నీ చేశాక మా ఇంటి వాడకం ఏప్రిల్, మే తప్ప మిగతా నెలల్లో 200 లోపలే ఉంటోంది. అందుకే డాబా మీద సోలార్ పలకల ఆలోచన ఇప్పుడు వేరే కొలతతో చేస్తున్నాము. ఒక కిలోవాట్ పలకలు మన ప్రాంతంలో సగటున రోజుకు నాలుగు యూనిట్లు, నెలకు 120 వరకు ఇస్తాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్రం రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, మూడు, ఆపైన ఎంతైనా మొత్తం 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. మొదట అడిగినప్పుడు అంచనా వేయడానికి వచ్చినతను మా పాత బిల్లులు చూసి మూడు కిలోవాట్లు కావాలన్నారు. ఇప్పటి బిల్లులకు రెండు సరిపోతాయి. పలకలు డాబాకు నీడ కూడా ఇస్తాయి కనుక వాటి కింద సున్నం వేసే పని తప్పుతుంది. చిక్కల్లా మా నీళ్ల ట్యాంకు డాబాకు దక్షిణం వైపున ఉండటమే. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలినప్పుడు దాని నీడ సరిగ్గా పలకలు పెట్టదలచిన చోటే పడుతుంది, వరసలో ఒక్క పలక మీద నీడ పడినా మొత్తం వరస ఉత్పత్తి పడిపోవచ్చు. ట్యాంకు జరపాలంటే పైపులన్నీ మార్చాలి. ప్లంబరు అంచనా వచ్చాక రెండు ఖర్చులూ కలిపి చూసుకుని నిర్ణయించుకుంటాము.